బోదకాలుకు మందిచ్చిన తెలుగువాడు

కాలువలూ, బోదెలూ, దోమలూ మన మొవ్వ వాళ్లకు కొత్త కాదు. బోదకాలు పేరు వినని ఇల్లు మన కోస్తాలో ఉండదు. ఆ జబ్బును అరికట్టడానికి 2004 నుంచి దేశమంతటా చేపట్టిన పంపిణీలో ఇచ్చిన డీఈసీ మాత్ర ఒక తెలుగువాడి బృందం కనుగొన్నదని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఒక తెల్లదొర ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీయే దక్కింది. స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు.

మామగారి సాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. ఆ పనికి ఆయన సిగ్గుపడలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు.

1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరాక ఆయన దశ తిరిగింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. నేటికీ గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉన్నది అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన వేలమంది అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెతికిన సుబ్బారావు గారి బృందం 1947లో హెట్రజాన్‌ను లోకానికి ఇచ్చింది. దాని అసలు పేరు డైఇథైల్‌కార్బమజైన్, అంటే మన డీఈసీ.

ఈ మందు అలర్జీ రహస్యాన్ని విప్పడానికీ పనికొచ్చింది. కొందరికి రాత్రిళ్లు దగ్గు, ఆయాసం వస్తాయి, ఉబ్బసం అనుకుంటారు. రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా కనిపిస్తాయి. 1943లో దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టారు. అప్పట్లో దీనికి వాడింది పాషాణం కలిసిన మందులు. తర్వాత డీఈసీ ఇస్తే ఆయాసం తగ్గింది. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న ఫైలేరియా పిల్లపురుగుల మీద శరీరం చేసే అతి పోరాటమే ఈ జబ్బని తేలింది.

ఆ పోరాటంలో ఐజీఈ అనే రక్షక పదార్థం చాలా ఎక్కువగా తయారవుతుంది. అది మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటుంది. పురుగు పదార్థం తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. దురద, దద్దుర్లు, ఆయాసం అలా వస్తాయి.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక మాట. డీఈసీ వేసుకుంటే జ్వరం, దురద వస్తాయని చాలామంది మాత్రను కిటికీలోంచి పారేస్తారు. ఆ బాధ ఎక్కువగా ఒంట్లో పురుగులు ఉన్నవాళ్లకే వస్తుంది. చచ్చిన పురుగుల మీద శరీరం తిరగబడటమే దానికి కారణం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఎక్కువైతే డాక్టరుకు చూపించాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బున్న వారికి మాత్రం ఈ మాత్ర ఇవ్వరు. ఒక్కసారి కాలు వాచిపోయాక పూర్వస్థితికి తేవడం చాలా కష్టం. కాబట్టి పారేసే ముందు ఆలోచించండి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశం తిరిగి చూడకుండా అమెరికాలోనే కన్నుమూశారు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఒకసారి పరీక్ష తప్పితే పనికి పంపే ఇళ్లు మనవి. రెండుసార్లు తప్పినవాడి మందు మన ఊళ్లను కాపాడిందని ఇంట్లో చెప్పండి. మరో అవకాశం అడగండి.