జోనాథన్ పోస్టెల్

గుంటూరు మిరప యార్డులో ఆనాడు ధర యెంత పలికినదో తెలిసికొనగోరి ప్రకాశము జిల్లా రైతు తన ఫోనులో ఒక పేరు నొక్కును. యంత్రమునకు పేరుతో పని లేదు. దానికి అంకెలు కావలెను. పేరునకు తగిన అంకెలను వెదకి చెప్పు కంప్యూటర్లను నేమ్ సర్వరులందురు. అవి పలుకనిచో, ఊరిపేరు లేని ఉత్తరమువలె రైతు ప్రశ్న దారిలోనే నిలిచిపోవును. ఈ పేర్ల లెక్కను, అంకెల లెక్కను పాతికేండ్లకు పైగా కనిపెట్టుకొని యుండినవాడు జోనాథన్ పోస్టెల్.

ఆయన 1943వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. 1969లో ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలపై తొలి సందేశము లాస్ ఏంజెలెస్ నగరమందలి విశ్వవిద్యాలయము నుండి వెడలెను. అచ్చట పనిచేసిన విద్యార్థులలో పోస్టెల్ ఒకడు. ఏ పనికి ఏ అంకె కేటాయింపబడినదో వ్రాసి యుంచుట విసుగు పుట్టించు పని. 1972లో ఆయన తానే ముందుకు వచ్చి ఆ భారము వహించెను. పెంచిన గడ్డముతో, కాళ్లకు చెప్పులతో తిరుగు ఆ మనిషిని చూచి గొప్ప అధికారి యని ఎవరును అనుకొనియుండరు.

తొలుత పేర్ల పట్టిక ఒక్కటే. కంప్యూటర్లన్నియు దాని నకలు తెచ్చుకొనెడివి. వాని సంఖ్య పెరిగిన కొలది నకళ్లు పాతబడి తప్పులు మిక్కుటమయ్యెను. పోస్టెల్ ఈ చిక్కును పాల్ మొకాపెట్రిస్ అను సహోద్యోగికి అప్పగింపగా, ఆయన 1983లో కొత్త పద్ధతిని ప్రకటించెను. పూర్వము గ్రామపు లెక్క కరణము నొద్దను, తాలూకా లెక్క తహసీలుదారు కచేరిలోను ఉండినట్లు, ఎవరి పేర్లను వారే కాపాడుకొనుట ఇందలి కీలకము. పైనున్న మూల సర్వరులు క్రిందివాని జాడ మాత్రమే చూపును. తెలిసికొన్న జవాబును సర్వరు కొంతకాలము జ్ఞాపకముంచుకొనును గనుక, అంకె మారినను కొన్ని గంటలు పాత జవాబే రావచ్చును. లోపము వెదకువాడు మూలము నుండి మెట్టు మెట్టుగా దిగి, జవాబు ఎచ్చట తప్పినదో చూడవలెను. తొందరపాటు కలవానికిది చేతకాదు.

1998 నాటికి మూల పట్టిక ఒక వర్తక సంస్థ కంప్యూటరులో నుండెను. జనవరి 28న పోస్టెల్, ఇతర మూల సర్వరులను నడుపు 12 మందిలో 8 మందికి, ఇకమీదట పట్టికను తన సంస్థ కంప్యూటరు నుండి గైకొనుడని జాబు పంపెను. వారు మారుమాటాడక అట్లే చేసిరి. ఆయన చేత శాసనము లేదు, సైన్యము లేదు. ఉన్నది వారి నమ్మకమే. వలను వాడువారెవ్వరికిని ఈ మార్పు తెలియలేదు గాని అమెరికా ప్రభుత్వము కలవరపడెను. ఇది పరీక్ష మాత్రమేయని పోస్టెల్ సమాధానము చెప్పి, కొలది దినములలో వెనుకటి యేర్పాటునే నిలిపెను. ముందుగా తెలిపియుండినచో మేలుగా నుండెడిది. అయినను, లోకమంతటి పేర్లు ఎవరి అధీనమున నుండవలెనను ప్రశ్నను ఆ జాబు అందరి యెదుటను నిలిపెను.

ఆ సెప్టెంబరులోనే ఈ పని చూచుటకు ఐకాన్ అను సంస్థ యేర్పడెను. దాని స్థాపనకు పాటుపడిన పోస్టెల్ దాని నడకను చూడలేదు. గుండెకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట అక్టోబరు 16న, 55వ యేట కన్నుమూసెను. ఆయన కాచిన మూల పట్టికలో తరువాతి కాలమున తెలుగు లిపిలోని ‘భారత్’ అను పేరును చేరినది.