యల్లాప్రగడ సుబ్బారావు – కొవ్వులోని భాస్వరం

జీవరసాయన ప్రయోగశాలలో భాస్వరాన్ని అంచనా కట్టే విద్యార్థి తన రికార్డు పుస్తకంలో ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని వ్రాసుకొంటాడు. ఆ రెండవ పేరును ఏదో పాశ్చాత్య నామమని తలచి దాటిపోయేవారే అధికం. అది 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు.

బాల్యమంతా పేదరికం. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దిగువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకన్న పెద్ద దెబ్బ ఇంట తగిలింది. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధికి బలియైపోయారు. ఈ వ్యాధి సోకిన పేగులు ఆహారంలోని కొవ్వును గ్రహించలేవు. నెయ్యి తిన్నా, నూనె తిన్నా అది మలంలోనే వెళ్లిపోతుంది; మనిషి చూస్తుండగానే శుష్కించిపోతాడు.

మామగారి ధనసహాయంతోను, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదరువుతోను సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డులో చదువుకొంటూ, పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేశారు. పిమ్మట సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు కుదిరి, 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి ప్రకటించారు. ఫాస్ఫేటుతో మాలిబ్డేటును కలిపి, క్షయకరణం చెందిస్తే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. చూడటానికి ఇంతే.

కాని కొవ్వుల శాస్త్రానికి ఈ నీలిరంగు చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. మన గంగవరం ఇళ్లలో వాడే వేరుశనగ నూనెలో ప్రధానమైనవి ట్రైగ్లిసరైడులు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతికితే ట్రైగ్లిసరైడు. అది శక్తిని నిలువచేసే గాదె. మూడవ ఆమ్లం చోట ఫాస్ఫేటు చేరితే ఫాస్ఫోలిపిడ్ అవుతుంది. దాని తల నీటిని కోరుతుంది, రెండు తోకలూ నీటిని సహించవు. కనుకనే అవి నీటిలో తోకలు లోపలికి, తలలు వెలుపలికి పెట్టి రెండు వరుసలుగా నిలుస్తాయి. ప్రతి జీవకణపు పొరకూ అదే ఆధారం. ఎర్ర రక్తకణాల కొవ్వును నీటిపై పరచి, అది కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యాన్ని ఆక్రమిస్తుందని గార్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు ప్రకటించినది కూడా 1925లోనే. గాదె కొవ్వులో భాస్వరం లేదు, పొర కొవ్వులో ఉన్నది. కాబట్టి రెండూ కలిసిన సారంలో భాస్వరాన్ని కొలిస్తే పొర కొవ్వెంతో తేలిపోతుంది.

ఆ రంగే మరొక ద్వారం తెరిచింది. కండరసారంలో అది ఆలస్యంగా, మెల్లమెల్లగా ముదరసాగింది. వేరెవరైనా అయితే పరీక్ష చెడిందనుకొని పారబోసేవారేమో. వీరు కారణం వెదకి, సులభంగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు, జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏట వేరుగా కనుగొన్నాడు. శరీరం కొవ్వును దహించి పొందే శక్తి చెల్లుబాటయ్యేది ఈ నాణెంగానే. పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం ఒక్క అణువు పూర్తిగా దహనమైతే నికరంగా 106 ఏ.టి.పి. అణువులు లభిస్తాయి, గ్లూకోజు అణువుకు ముప్ఫై, ముప్ఫైరెండు మాత్రమే.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి నీయలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది! సోదరుల చితులు చల్లారి అప్పటికి పాతికేళ్లు గడచిపోయాయి. ఫోలిక్ ఆమ్లానికి ప్రతిరోధకంగా రూపొందిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్త క్యాన్సరును కొంతకాలం అణచగలిగాడు. బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాలల నుండి వచ్చినవే.

ఇల్లాలు శేషగిరమ్మ స్వదేశంలోనే ఉండిపోయారు. ఆమెను విడిచి వెళ్లిన భర్త మరల ఈ గడ్డపై అడుగుపెట్టలేదు. 1948 ఆగస్టులో, యాభైమూడవ ఏట, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. నీలిరంగు పద్ధతిని 1959లో బార్ట్‌లెట్ సవరించి మరింత సూక్ష్మం చేశాడు. కొవ్వును ఆమ్లంలో కాచి, విడుదలైన భాస్వరపు బరువును ఇరవైఐదుతో హెచ్చించి, ఫాస్ఫోలిపిడ్ల మొత్తాన్ని కట్టే లెక్క నేటికీ ప్రయోగశాలల్లో ఉన్నది.