చాలీస్‌గావ్ టాంగా



తునికాకు కోతకు పోయినోళ్ళను అడగండి. ముల్లు గుచ్చుకోని కాలు, గీరుకోని చెయ్యి ఎవరికీ ఉండవు. అయినా ఎండాకాలం రాగానే మళ్ళీ అడవికి పోతరు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున బతికే మనకు దెబ్బ కొత్త కాదు. కానీ పదిమందిలో వందన చెప్పమంటే, మీటింగుకు పట్నం రమ్మంటే, ఆడపిల్లను చదువుకు దూరం పంపమంటే మాత్రం ఏమైతదో ఏమో అని వెనక్కి తగ్గుతం. ఆ భయం పట్టుకున్నప్పుడు బాబాసాహెబ్ జీవితంలోని రెండు బండి ప్రయాణాలు గుర్తు చేసుకోవాలె. రెండూ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు.

మొదటిది 1901లో. అప్పుడాయన ఇంకా చిన్నపిల్లవాడు. గోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రిని చూడటానికి అన్నతో, అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి బయలుదేరారు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకుపోయే మనిషి రాలేదు. మహర్ల పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. అదీ ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలె, తను పక్కన నడిచొస్తాడు. దారిలో తినటానికి ఉంది కానీ తాగటానికి నీళ్ళు పుట్టలేదు.

రెండోది 1929లో. అప్పటికి ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన బారిస్టరు. మహద్ చెరువు నీళ్ళు ముట్టించిన నాయకుడు. అంటరానివారి కష్టాలు విచారించే బొంబాయి ప్రభుత్వ కమిటీలో సభ్యుడు. ఒక ఊళ్ళో సంఘ బహిష్కరణ సంగతి తెలుసుకుని చాలీస్‌గావ్ స్టేషన్‌కు తిరిగొచ్చారు. అక్కడి మహర్లు పూలదండలు వేశారు, కానీ గంటసేపు కదలరు. ఎందుకో ఆయనకు తెలియలేదు. చివరికి ఒక టాంగా వచ్చింది. ఎక్కారు. కొంచెం దూరం పోగానే మోటారు కారుకు గుద్దుకోబోయి తప్పింది. నది మీది కల్వర్టు దగ్గర గుర్రం బెదిరింది. చక్రం పక్కరాయికి కొట్టుకుంది. బాబాసాహెబ్ రాళ్ళ మీద పడి స్పృహ తప్పారు. గుర్రం, టాంగా నదిలో పడ్డాయి. కాలు విరిగింది. చాలా రోజులు మంచం మీదున్నారు.

తర్వాత ఆయన కారణం విచారించారు. అంటరాని మనిషిని ఎక్కించుకుని తోలటానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. బాబాసాహెబ్ నడిచి రావటానికి మనవాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని బండి మాత్రం కిరాయికి తీసుకుని, తోలటం రాని ఒక మనవాడి చేతికి పగ్గాలిచ్చారు. గౌరవం కాపాడబోయి ప్రాణం సంగతి మరిచారని బాబాసాహెబ్ దాచకుండా రాశారు. అయితే ఆ వేలు చివరికి చూపింది తోలినవాణ్ణి కాదు, బారిస్టరు కంటే టాంగావాణ్ణి ఎక్కువ చేసిన కులాన్ని.

రాజగృహంలో దేవదత్తుడు దొర్లించిన రాతి ముక్క బుద్ధుని పాదానికి దిగింది. నొప్పి తీవ్రంగా ఉన్నా ఆయన ఎరుకతో ఓర్చుకున్నారు. ఒంటికి తగిలే బాణం ఒకటి, దాని గురించి కుమిలి మనసుకు మనమే గుచ్చుకునే బాణం రెండోది అని ధమ్మం చెప్తుంది. మొదటిది అందరికీ తగులుతుంది. రెండోది ఆపుకోవచ్చు.

బాబాసాహెబ్ ప్రయాణాలు ఆపలేదు. మరుసటి ఏడాదే లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి పోయారు. 1944లో మన హైదరాబాదుకు వచ్చారు. 1956 అక్టోబరు 14న, ఒంట్లో బాగాలేకున్నా, నాగపూర్‌లో నిలబడి లక్షలమందికి ధమ్మదీక్ష ఇచ్చారు. డిసెంబరు 6న కన్నుమూశారు.

దెబ్బలు కోరి తెచ్చుకోమని ఎవరూ అనరు. తోలటం రానివాడు ముందు ఖాళీ బండి తోలి నేర్చుకోవాలె. జాగ్రత్త పడాలె. కానీ ఎక్కడో గీరుకుంటదని బండే ఎక్కకపోతే పగ్గాలు ఎప్పటికీ పక్కోడి చేతుల్లోనే ఉంటయ్. ఈ పున్నమికి మన వాడలో వందన ఇంతవరకు చదవనివాళ్ళతో చదివిద్దాం. పాళీ మాట తప్పు పోతే నవ్వకుండా సరిచేద్దాం. వచ్చే పున్నమికి వాళ్ళే ఇంకొకరికి నేర్పుతరు.

జై భీమ్.