బిర్యానీ పట్టుకుని రేడియో స్టేషన్‌కి వెళ్లిన సింగర్.. అనామకుల పాటలకు అడ్రస్ ఇచ్చిన జాన్ పీల్ కథ ఇదీ!

1983, లండన్. రేడియోలో లైవ్ నడుస్తుండగా ఓ డీజే తనకు ఆకలేస్తోందన్నాడు. ఇప్పుడెవరైనా మష్రూమ్ బిర్యానీ తెచ్చిపెడితే ఏం చేయమన్నా చేస్తానన్నాడు. సరదాకి అన్న మాటే. కానీ అది విన్న ఓ కుర్ర సింగర్ మాత్రం సీరియస్‌గా తీసుకున్నాడు. వెంటనే బిర్యానీ పార్సిల్ కట్టించుకుని, తన మొదటి రికార్డు చంకలో పెట్టుకుని, నేరుగా బీబీసీ ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఆ సింగర్ పేరు బిల్లీ బ్రాగ్. అతని పాట రేడియోలో వచ్చింది. కాకపోతే తప్పు స్పీడులో వచ్చింది! 45లో తిప్పాల్సిన డిస్క్‌ను 33లో తిప్పడంతో గొంతు సాగిపోయి వినిపించింది. అయినా అతని కెరీర్‌కి ఆ ప్రసారమే పెద్ద మలుపు. బిర్యానీ తేకపోయినా ఈ పాట వేసేవాణ్నేనని డీజే శ్రోతలకు వివరణ కూడా ఇచ్చుకున్నాడు.

ఆ డీజే జాన్ పీల్. ఆయన పాడలేదు, ట్యూన్లు కట్టలేదు. ఆయన చేసిందల్లా వినడమే. ఇప్పుడైతే బెడ్‌రూమ్‌లో ర్యాప్ రికార్డ్ చేసి, ఫోన్‌లోంచే అప్‌లోడ్ చేసేయొచ్చు. అప్పట్లో బ్రిటన్‌లో ఓ ఊరి కుర్రాళ్ల పాట దేశం మొత్తానికి చేరాలంటే పెద్ద కంపెనీ అయినా పట్టించుకోవాలి, లేదా పీల్ అయినా వినాలి.

బీటిల్స్ ఊరోడు.. అంతే అర్హత!

అసలు పేరు జాన్ రావెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న లివర్‌పూల్ దగ్గరి హెస్వాల్‌లో పుట్టాడు. తండ్రిది పత్తి వ్యాపారం. డబ్బున్న ఇల్లు, పేరున్న బోర్డింగ్ స్కూలు. చదువు మాత్రం అంతంతే. స్కూలయ్యాక సైన్యంలో రాడార్ ఆపరేటర్‌గా తప్పనిసరి సర్వీసు చేశాడు. 1960లో తండ్రి పరిచయాలతో అమెరికాలోని డాలస్‌కు వెళ్లాడు, పత్తి వ్యాపారం నేర్చుకోవడానికి. ఆ పని అబ్బలేదు.

1963 నవంబర్‌లో అదే డాలస్‌లో ప్రెసిడెంట్ కెనెడీని కాల్చి చంపారు. లివర్‌పూల్ పేపర్ రిపోర్టర్‌నని చెప్పుకుని పీల్ పోలీస్ ఆఫీసులోకి దూరిపోయాడు. నిందితుడు ఆస్వాల్డ్‌ను మీడియా ముందుకు తెచ్చిన ఆ రాత్రి తీసిన ఫుటేజీలో ఆయన కూడా కనిపిస్తాడు.

ఆ మరుసటి ఏడాది బీటిల్స్ అమెరికాను ఊపేసింది. డాలస్ రేడియోకు అర్జెంటుగా బీటిల్స్ ఎక్స్‌పర్ట్ కావాల్సి వచ్చింది. ఇంకేముంది.. లివర్‌పూల్ యాసలో మాట్లాడే మనిషి దొరికాడు! బీటిల్స్‌తో ఆయనకు పరిచయమే లేదు. భీమవరం వాళ్లంతా ప్రభాస్ చుట్టాలే అనుకున్నట్టు, లివర్‌పూల్ వాడైతే చాలనుకున్నారు అక్కడివాళ్లు. అలా రేడియో ఉద్యోగం మొదలైంది. తర్వాత ఓక్లహోమా, కాలిఫోర్నియా స్టేషన్లలోనూ పనిచేశాడు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన విషయం ఒకటుంది. 1965లో టెక్సాస్‌లో ఆయన పెళ్లి చేసుకున్న అమ్మాయి వయసు 15 ఏళ్లు. ఆయనకప్పుడు 26. ఆ పెళ్లి నిలవలేదు. అప్పటి రోజుల గురించి, మైనర్ అమ్మాయిల గురించి తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయన తేలిగ్గా మాట్లాడిన తీరు 2012లో బ్రిటన్ మీడియాలో మళ్లీ చర్చకొచ్చింది. పాటల విషయంలో ఎంత గొప్పవాడైనా ఇది చిన్న విషయమేమీ కాదు. పీల్ కథ చెప్పేటప్పుడు దీన్ని పక్కన పెట్టి వెళ్లిపోవడం కుదరదు.

సముద్రం మీది రేడియో

1967లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. అప్పట్లో చట్టానికి దొరక్కుండా సముద్రంలో లంగరేసిన ఓడల నుంచి పాప్ పాటలు ప్రసారం చేసేవారు. వాటినే పైరేట్ రేడియోలు అనేవారు. అలాంటి ఓడే రేడియో లండన్. జాన్ పీల్ అన్న పేరు అక్కడే వచ్చింది. అర్ధరాత్రి తర్వాత మేనేజర్లు పెద్దగా వినరన్న ధైర్యంతో యాడ్స్, రూల్స్ పక్కనపెట్టి తనకు నచ్చిన పాటలే వేసేవాడు. కొన్ని నెలలకే, ఆగస్టులో, కొత్త చట్టంతో ఆ ఓడ మూగబోయింది. సెప్టెంబర్ 30న బీబీసీ రేడియో 1 మొదలైంది. పీల్‌కు అక్కడ చోటు దొరికింది. అది ఎన్నాళ్లుంటుందో ఆయనకే నమ్మకం లేదు. కానీ 37 ఏళ్లు నిలిచింది. తొలి బ్యాచ్ డీజేల్లో చివరి దాకా రేడియో 1లోనే ఉన్నది ఆయనొక్కడే.

నాలుగు పాటలు.. ఒక్క రోజు

పీల్ పేరు చెప్పగానే మ్యూజిక్ ఫ్యాన్స్‌కి ముందు గుర్తొచ్చేది పీల్ సెషన్స్. దీని వెనక ఓ విచిత్రమైన కారణం ఉంది. రికార్డులే మోగిస్తే తమ ఉపాధి పోతుందని మ్యుజీషియన్ల యూనియన్ పట్టుబట్టడంతో, రోజుకు ఇన్ని గంటలే రికార్డులు వేయాలన్న పరిమితి బీబీసీకి ఉండేది. మిగతా టైమ్ నింపాలంటే బ్యాండ్లను పిలిచి కొత్తగా రికార్డ్ చేయించాల్సిందే. మిగతా ప్రోగ్రామ్‌లకు అదో తలనొప్పి. పీల్, ఆయన ప్రొడ్యూసర్ జాన్ వాల్టర్స్‌ మాత్రం దాన్నే ఆయుధం చేసుకున్నారు. రికార్డ్ కంపెనీ లేని వాళ్లను, ఒక్క డిస్క్ కూడా రాని వాళ్లను స్టూడియోకి పిలిచారు.

పద్ధతి సింపుల్. ఉదయం బ్యాండ్ మైదా వేల్ స్టూడియోకి సామాను దించుకోవాలి. సాధారణంగా నాలుగు పాటలు. రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ ఒక్క రోజులోనే అయిపోవాలి. తప్పులు దిద్దుకోవడానికి పెద్దగా టైమ్ ఉండదు. అందుకే ఆ రికార్డింగుల్లో ఓ పచ్చిదనం ఉంటుంది. కొన్ని బ్యాండ్ల విషయంలో అసలు ఆల్బమ్ కన్నా ఆ సెషనే బాగుంటుందనే ఫ్యాన్స్ ఇప్పటికీ ఉన్నారు. బీబీసీ బ్యాండ్‌కి డబ్బులు కూడా ఇచ్చేది. ఉద్యోగం సద్యోగం లేని కుర్రాళ్లకు అదేం తక్కువ కాదు. జాయ్ డివిజన్, ద స్మిత్స్, పీజే హార్వీ, నిర్వాణ.. అందరూ ఆ తలుపు దాటినవాళ్లే. ద ఫాల్ అనే బ్యాండైతే ఏకంగా 24 సార్లు వెళ్లింది. మొత్తం 2 వేల మందికి పైగా ఆర్టిస్టులు, 4 వేలకు పైగా సెషన్లు.

పీల్ విన్నంత మాత్రాన మర్నాడే స్టార్ అయిపోతారని కాదు. 1981లో షెఫీల్డ్‌లో జార్విస్ కాకర్ అనే టీనేజ్ కుర్రాడు ఆయన చేతిలో ఓ క్యాసెట్ పెట్టాడు. ఆ ఏడాదే అతని బ్యాండ్ పల్ప్‌కి సెషన్ దొరికింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 'కామన్ పీపుల్' పాటతో బ్రిటన్ చార్ట్‌లో రెండో స్థానం దాకా వచ్చేసరికి 1995 అయింది. పద్నాలుగేళ్లు! మధ్యలో బ్యాండ్ మూసేయకుండా ఉండటానికి ఆ ఒక్క సెషన్ ఎంత ఊతమిచ్చిందో లెక్కగట్టలేం.

పాత ఫ్యాన్స్‌కి కోపం తెప్పించిన రాత్రులు

1976లో అమెరికా నుంచి రామోన్స్ అనే బ్యాండ్ ఆల్బమ్ వచ్చింది. రెండేసి నిమిషాల పాటలు, మూడు కార్డులు, చెవులు చిల్లులు పడే స్పీడు. పీల్ వాటిని వరసపెట్టి వేశాడు. అప్పటిదాకా పొడవాటి గిటార్ సోలోలు వింటూ వచ్చిన శ్రోతలు మండిపడ్డారు. ఇలాంటివి ఇంకెప్పుడూ వేయొద్దంటూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన ఇంకా ఎక్కువ వేశాడు. తన శ్రోతల సగటు వయసు నెల రోజుల్లోనే పదేళ్లు తగ్గిందని తర్వాత ఆయనే చెప్పుకునేవాడు. ఏ డీజే అయినా శ్రోతలు పోతారని భయపడతాడు. ఈయన పాతవాళ్లను వదులుకుని కొత్తవాళ్లను తెచ్చుకున్నాడు.

1978లో బెల్‌ఫాస్ట్‌లోని ఓ చిన్న లేబుల్ నుంచి ఓ సింగిల్ వచ్చింది. డెర్రీ కుర్రాళ్ల బ్యాండ్ ది అండర్‌టోన్స్, పాట 'టీనేజ్ కిక్స్'. లండన్ కంపెనీలు వద్దన్న పాట అది. పీల్ దాన్ని వేశాడు. అయిపోగానే మళ్లీ అదే వేశాడు!  ఆ వెంటనే ఆ బ్యాండ్‌కి అమెరికన్ లేబుల్‌తో అగ్రిమెంట్ కుదిరింది. బాంబులు, కాల్పులతో నలిగిపోతున్న నార్తర్న్ ఐర్లాండ్ నుంచి తొలి ప్రేమ మీద ఇంత హాయైన పాట రావడమే ఓ వింత. చనిపోయేదాకా పీల్‌కు అన్నిటికన్నా ఇష్టమైన పాట అదే.

ఎనభైల్లో హిప్ హాప్ వంతు వచ్చింది. పగటి రేడియో ఇంకా ఆ దారిలోకి రాకముందే, రాత్రి పది దాటాక పీల్ షోలో న్యూయార్క్ ర్యాప్ రికార్డులు పంక్ పాటల పక్కనే మోగేవి. ఏటా శ్రోతల ఓట్లతో ఆయన ఓ టాప్ 50 లిస్టు చదివేవాడు. పేరు ఫెస్టివ్ ఫిఫ్టీ. 1982 లిస్టులో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ద మెసేజ్' పై వరసలోనే నిలిచింది. కానీ తర్వాతి ఏళ్లలో లిస్టు గిటార్ బ్యాండ్లతోనే నిండిపోతుంటే పీల్‌కు చిరాకొచ్చేది. ఏడాదంతా ఆయన హిప్ హాప్, రెగే, ఆఫ్రికా గిటార్ పాటలు వేసినా ఓట్లు మాత్రం అటే పడేవి. 1991లో అయితే ఆ లిస్టును ప్రసారమే చేయలేదు. 1993లో వారానికో పాట చొప్పున వేసి బాకీ తీర్చాడు.

1997లో ఆ లిస్టులో నంబర్ వన్ ఎవరిదో తెలుసా? మన ఆశా భోస్లేది.. అంటే, ఆశా మీద కట్టిన పాటది! పంజాబీ మూలాలున్న తజిందర్ సింగ్ బ్యాండ్ కార్నర్‌షాప్ చేసిన 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా'. హిందీ సినిమా ప్లేబ్యాక్ సింగర్‌కి బ్రిటన్ ఇండీ కుర్రాళ్లు కట్టిన దండ. కొన్ని నెలలకే ఆ పాట రీమిక్స్ బ్రిటన్ మెయిన్ చార్ట్‌లోనూ నంబర్ వన్ అయింది.

లెక్కల్లో వీక్, వినడంలో పీక్

వ్యాపారం మాత్రం ఆయనకు అబ్బలేదు. 1969లో సొంతంగా డాండెలియన్ అనే రికార్డ్ లేబుల్ పెట్టాడు. ఆ పేరు తను పెంచుకున్న చిట్టెలుకది. మూడేళ్లకే మూతపడింది. పైకొచ్చిన వాళ్లంతా ఆయన్ను గుర్తుపెట్టుకున్నారనీ చెప్పలేం. మార్క్ బోలన్‌ను ఎవరూ పట్టించుకోని రోజుల్లో నెత్తిన పెట్టుకుని తిప్పాడు. హిట్లు మొదలయ్యాక వచ్చిన పాటలు తనకు నచ్చలేదని దాపరికం లేకుండా చెప్పాడు. స్నేహం చెడింది.

కుటుంబంతో సఫోక్‌లోని ఓ పల్లెటూళ్లో ఉండేవాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఏ రేంజ్‌లో అంటే, నలుగురు పిల్లల పేర్లలోనూ లివర్‌పూల్ క్లబ్ గుర్తులే.. ఆన్‌ఫీల్డ్, డాల్‌గ్లీష్, షాంక్లీ! ఇంటి నిండా రికార్డులే. ఒక్కో ఎల్పీకి ఒక్కో కార్డు టైప్ చేసి వరసగా పెట్టుకునేవాడు. అలాంటి ఎల్పీలు 25 వేలకు పైమాటే. లండన్ రాకపోకల్లో కారులో వినేది కూడా జనం పంపిన క్యాసెట్లే. రోజూ పోస్టులో సంచులకొద్దీ వచ్చేవి. వినీ వినీ ఎప్పటికీ అయిపోవన్న బెంగ ఆయనకు ఉండేది. తను వినని ఆ ఒక్క టేప్‌లోనే అసలైన పాట ఉందేమోనన్న భయమది.

2001లో డయాబెటిస్ బయటపడింది. 2004లో షో టైమ్‌ను రాత్రి 11కి జరిపారు. 65 ఏళ్ల మనిషికి అర్ధరాత్రి దాటాక ఇంటికి డ్రైవింగ్ భారమైంది. ఆ అక్టోబర్‌లో భార్య షీలాతో కలిసి పెరూ వెళ్లాడు. 25వ తేదీన కుస్కో నగరంలో గుండెపోటుతో చనిపోయాడు. మర్నాడు రేడియో 1 షెడ్యూల్ ఆపేసి ఆయన్నే తలుచుకుంది. నవంబర్ 12న అంత్యక్రియలకు వెయ్యి మందికి పైగా వచ్చారు. శవపేటికను బయటికి తెస్తున్నప్పుడు మోగిన పాట 'టీనేజ్ కిక్స్'.

ఆయన షోలు ఇవాళ వినాలంటే ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం బీబీసీ దాచినవి కావు. అప్పట్లో రాత్రిపూట రేడియో పక్కన కూర్చుని, క్యాసెట్ పెట్టి రికార్డ్ బటన్ నొక్కిన శ్రోతలవి. అటకల మీంచి, పాత అట్టపెట్టెల్లోంచి ఆ టేపులు తీసి ఒక్కొక్కరే డిజిటల్ చేసి పెట్టారు. కొన్నింటిలో సైడ్ అయిపోయి పాట మధ్యలోనే తెగిపోతుంది. ఆ పాట ఏ బ్యాండ్‌దో కనిపెట్టే పనిలో అభిమానులు ఇంకా ఉన్నారు.