స్వామి జ్ఞానానందులు - ద్రవ్యరాశి మర్మము

ఆంధ్రదేశమున స్వాములకు కొదువ లేదు; భౌతికశాస్త్రజ్ఞులును గలరు. ఆ రెండు బిరుదములకును నిజముగా తగినవారు మాకు తెలిసినంతలో స్వామి జ్ఞానానందులొక్కరే.

1896లో భీమవరము చేరువనున్న గొరగనమూడిలో భూపతిరాజువారి యింట జన్మించిన వీరి పూర్వనామము లక్ష్మీనరసింహరాజు. యౌవనముననే గృహము విడిచి హిమాలయములలో యోగసాధన చేసిరి. 1927లో జర్మనీకేగిరి. డ్రెస్డెనులో ఐన్‌స్టీను సాపేక్షసిద్ధాంతము వీరిని ఆకర్షించెను. బోధింపబోయిన సన్యాసి ముప్పదియేండ్లు దాటిన పిదప విద్యార్థియై బల్లపై కూర్చుండెను. వీరి జీవితమున ఘనమైన ఘట్టమిదియేకాని గుహావాసము కాదని మా అభిప్రాయము.

ప్రాగులో ఎక్సురే పరిశోధన ముగించి, 1932లో న్యూట్రానును కనుగొనిన ఛాడ్విక్కుకడ లివర్‌పూలులో బీటాకిరణముల పని కారంభించిరి. కొన్ని పరమాణుకేంద్రకములలో న్యూట్రాను ప్రోటానుగా మారి ఎలక్ట్రానును వెలికి విసరును. మారకముందు కేంద్రకము కొంచెము బరువు. ఆ మిగులే శక్తియగును. అట్లయిన ప్రతి ఎలక్ట్రానునకును ఒకే శక్తి యుండవలెను. ఉండుట లేదని ఛాడ్విక్కు 1914లోనే చూచెను. తక్కిన శక్తిని కంటికి చిక్కని వేరొక కణము కొనిపోవుచున్నదని 1930లో పౌలి ఊహించెను. అదియే న్యూట్రినో. ఆ శక్తిని కొలుచుటకు ఎలక్ట్రానులను అయస్కాంతముచే వంపవలెను. పాత్రలో గాలి మిగిలినచో అవి దానిని ఢీకొని లెక్క తప్పును. కావుననే స్వామివారు శూన్యమును సాధించు విధానములపై పెద్ద గ్రంథమే వ్రాసిరి. 1947లో అది అమెరికాలో వెలువడెను.

ఈ కణములకు ద్రవ్యరాశి ఎక్కడిది? నాడు సమాధానము లేదు. 1964లో హిగ్సు ప్రభృతులు విశ్వమంతట వ్యాపించిన యొక క్షేత్రమును ఊహించిరి. 1967లో వైన్‌బర్గు దానిని ఎలక్ట్రానునకు అన్వయించెను. ఆ క్షేత్రముతో ఎవరి సంబంధమెంత గాఢమో వారి ద్రవ్యరాశి అంత. కాంతికణమునకు సంబంధము లేదు, ద్రవ్యరాశియు లేదు. 2012లో జెనీవాకడ హిగ్సుకణము దొరకెను. దీనిని బురదలో దిగబడిన బండితో పోల్చుట పరిపాటియైనది. అది తప్పు. బురద నడచుచున్న బండినాపును. ఈ క్షేత్రము దేనిని ఆపదు. వేగమును మార్చబూనినప్పుడే ద్రవ్యరాశి ఎదురు తిరుగును.

అయినను మన బరువులో హిగ్సు పాలు స్వల్పము. భూపాలపల్లి గనులనుండి నూరు కిలోల బొగ్గు తెప్పింతము. అందలి ప్రోటానులలో, న్యూట్రానులలో నున్న క్వార్కుల స్వంత ద్రవ్యరాశులు కూడిన ఇంచుమించు ఒక్క కిలో. తక్కిన తొంబదితొమ్మిదియు ఆ క్వార్కుల చలనము, వానిని బంధించు క్షేత్రము కలసిన శక్తియే. శక్తియే బరువుగా తూగుచున్నదన్నమాట. స్వామివారిని డ్రెస్డెనులో నిలిపిన సిద్ధాంతము చెప్పినదియు నిదియే.

1947లో స్వదేశమునకు మరలి, ఢిల్లీలో కొంతకాలము పనిచేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కేంద్రకభౌతికశాస్త్రమునకు పునాది వేసిరి. 1969లో నిర్యాణమొందిరి. వాల్తేరులోని పరిశోధనాలయము వీరి పేర నున్నది. ఉపనిషత్తులలోనే పరమాణుశాస్త్రమున్నదనుటకు వీరిని సాక్షిగా పిలుచువారు కలరు. ఆ సాక్ష్యమునకై వీరు లివర్‌పూలు పోనక్కరలేదు గదా!

న్యూట్రినోకు ద్రవ్యరాశి కలదని 1998లో జపానులో తేలినది. అది ఎట్లు వచ్చెనో నేటికిని తేలలేదు. జర్మనీలోని కార్ల్‌స్రూహెలో ఇరువదిమూడు మీటర్ల శూన్యపాత్రను నిర్మించి, బీటా ఎలక్ట్రానుల శక్తినే కొలిచి, అది ఎలక్ట్రానులో పదిలక్షలవ వంతుకంటెను తక్కువయని 2025లో ప్రకటించిరి.