నన్నయ వ్యాకరణం నన్నయదేనా? జటప్రోలు పండితుడిని వదలని అనుమానం

కొల్లాపూర్: పద్యం రాసినా, పాఠం చెప్పినా ఎలకూచి బాలసరస్వతిది పెద్ద చెయ్యే. 17వ శతాబ్దంలో జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వంశం నీడలో ఉన్న ఈ మహామహోపాధ్యాయుడి పేరు చెబితే ఇప్పటికీ పండితులు రెండు వర్గాలవుతారు. కారణం ఒక్క పుస్తకం.. ఆంధ్రశబ్దచింతామణి.

తెలుగు భాషకు సంస్కృతంలో రాసిన వ్యాకరణం ఇది. రాసింది ఆదికవి నన్నయ అని ప్రతీతి. మరి 11వ శతాబ్దపు నన్నయ పుస్తకం అన్ని వందల ఏళ్లు ఎక్కడుంది? దానికో కథ ఉంది. నన్నయ మీద కోపంతో భీమకవి ఆ గ్రంథాన్ని గోదావరిలో కలిపేశాడట. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడికి మాత్రం అదంతా నోటికొచ్చు. సిద్ధుడైన ఆయన ద్వారానే మతంగగిరి దగ్గర బాలసరస్వతికి అందిందట!

నమ్మేవాళ్లు నమ్మారు. నమ్మనివాళ్లు మాత్రం అసలు వ్యాకరణం రాసింది బాలసరస్వతే, విలువ రావాలని నన్నయ పేరు పెట్టాడని తేల్చేశారు. అదే నిజమైతే ఆయన మంచి కథకుడు కూడా అన్నమాట. రుజువు మాత్రం ఇరువైపులా గట్టిగా లేదు.

ఎవరు రాసినా, దాన్ని చదువుకునేలా చేసింది ఆయనే. తెలుగులో ఆయన రాసిన టీకకు బాలసరస్వతీయం అనే పేరు నిలిచిపోయింది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణానికి కూడా చింతామణే ప్రధాన ఆధారం. అంటే బడిలో సంధులు, సమాసాలు బట్టీపట్టిన ప్రతి ఒక్కరూ ఈ తగాదాకు ఎంతో కొంత చుట్టాలే.

ఈ గొడవలో ఆయన కవిత్వం మరుగున పడింది. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణ, భారత కథలు రెండూ చెప్తే, ఈయన కృష్ణ కథను కూడా కలిపి మూడర్థాల రాఘవ యాదవ పాండవీయం రాశాడు. చదవడం కష్టమే, కానీ సాహసం సాహసమే. భర్తృహరి సుభాషితాలనూ తెలుగు పద్యాల్లోకి తెచ్చి, సురభి మల్లభూపాలుడి పేరిట మల్లభూపాలీయం అన్నాడు. ఏనుగు లక్ష్మణకవి కంటే ముందే! జనం నోళ్లలో నానింది మాత్రం లక్ష్మణకవి పద్యాలే.

సంస్థానం తర్వాతి రోజుల్లో కొల్లాపూర్ కేంద్రంగా సాగింది. పాత జటప్రోలు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగడంతో అక్కడి ఆలయాలను రాయి రాయి విప్పి, ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టారు.