బరువు మోయలేని మనిషి చేసిన బుల్లి కెమేరా

ఉబ్బసంతో ఆయాసపడే మనిషికి కొండలెక్కడమే కష్టం. వీపున చెక్క కెమేరా, సంచీ నిండా గాజు పలకలు, చంకలో ముక్కాలి స్టాండు పెట్టుకుని ఎక్కడం మరీ కష్టం. జర్మనీకి చెందిన ఓస్కార్ బార్నాక్ పాతికేళ్ల ప్రాయంలో ఆదివారం వచ్చిందంటే ఆ అవస్థ పడేవారు. బరువు తగ్గించుకోవాలని ఆయన పడ్డ తాపత్రయంలోంచే లైకా కెమేరా పుట్టింది. ఫిల్మ్ రోజుల్లో మన ఊళ్లలో పెళ్లికీ పేరంటానికీ 36 బొమ్మల రీలు వేసి ఫొటోలు తీసిన వాళ్లంతా, ఆయన పేరు వినకపోయినా, ఆయన పెట్టిన కొలతలోనే తీశారు.

బార్నాక్ 1879 నవంబరు 1న బెర్లిన్ నగరానికి దక్షిణాన ఉన్న లీనో అనే పల్లెలో జన్మించారు. కాలేజీ చదువు లేదు. కుర్రతనంలోనే బెర్లిన్ శివార్లలో ఖగోళ పరికరాలు తయారుచేసే ఒకరి దగ్గర పనికి కుదిరారు. ఆకురాయి, లేతు మిషను, ఇత్తడి ముక్కలు, ఇవే ఆయనకు పలకాబలపం. పని నేర్చుకున్నాక అక్కడా ఇక్కడా తిరిగి, 1902లో జేనా పట్టణంలోని కార్ల్ జైస్ కంపెనీలో చేరారు. కటకాల తయారీలో అప్పటికే పేరుమోసిన సంస్థ అది.

జేనా చుట్టూ తురింగియా అడవులు, కొండలు. సెలవు దొరికితే బార్నాక్ అక్కడికే పోయేవారు. ఆయన దగ్గరున్న కెమేరా 13 x 18 సెంటీమీటర్ల గాజు పలకలు పట్టేది. ఒక్కో పలక మీద ఒక్కటే బొమ్మ. నాలుగు బొమ్మలు తియ్యాలంటే నాలుగు పలకలూ మోసుకుపోవాలి. తీరా స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, పలక దోపేసరికి ఎదురుగా ఆడుకునే పిల్లలు ఇంటికి పోయి ఉంటారు.

ఆ కాలంలో మనిషి ఫొటో అంటే పద్ధతి అంతటా ఒకటే. కుర్చీలో బిగుసుకుని కూర్చోవాలి, కనురెప్ప వాల్చకూడదు, ఊపిరి కూడా చూసి పీల్చాలి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి నిజాం కొలువు ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలపు బొమ్మల్లోనూ ఆ బిగింపు కనిపిస్తుంది. అది తీసేవారి లోపం కాదు, పరికరం బరువు. నవ్వుతున్న మనిషిని నవ్వుతుండగా పట్టుకోవడానికి ఆ పరికరం లొంగేది కాదు.

1905 ప్రాంతంలో బార్నాక్ ఒక ఉపాయం పన్నారు. ఒకే పలక మీద పదిహేను ఇరవై చిన్న బొమ్మలు తీసి, తరవాత పెద్దవి చేసుకుంటే పలకల మోత తప్పుతుంది గదా అనుకున్నారు. పెద్దవి చేస్తే బొమ్మంతా ఇసక చల్లినట్టు వచ్చింది. అప్పటి పలకల మీది మందు అంత ముతక. ఉపాయం మూలపడింది, ఆలోచన మాత్రం పోలేదు. చిన్న నెగెటివ్, పెద్ద బొమ్మ అన్నది ఆయన మనసులోనే ఉండిపోయింది.

1911లో వెట్జ్‌లార్ పట్టణంలోని లైట్జ్ కంపెనీకి మారారు. జైస్‌లో తనతో పనిచేసిన ఎమిల్ మెషావు అప్పటికే అక్కడ ఉండి ఆయన పేరు చెప్పాడు. లైట్జ్ వారిది సూక్ష్మదర్శినుల వ్యాపారం. బార్నాక్ పని కూడా ప్రయోగశాలలో వాటికి సంబంధించిందే. కెమేరా ఆయనకు ఎవరూ అప్పగించిన పని కాదు. అయితే అదే వర్క్‌షాపులో సినిమా కెమేరా ఒకటి తయారు చేస్తుండగా 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మ్ చేతికి వచ్చింది. పలకల కంటే నయమైన సరుకు అది. గాజు లేదు, బరువు లేదు, చుట్ట చుట్టి జేబులో వేసుకోవచ్చు.

సినిమా ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మ 18 x 24 మిల్లీమీటర్లు. ఫొటోకి అది చాలదని రెండు బొమ్మల చోటు కలిపి 24 x 36 చేశారు. సినిమా కెమేరాలో నిలువునా నడిచే ఫిల్మును అడ్డంగా నడిపించారు. ఒక్క మీట తిప్పితే ఫిల్మ్ జరగడం, షట్టరు బిగుసుకోవడం రెండూ అయ్యే ఏర్పాటు చేశారు. అందువల్ల బొమ్మ మీద బొమ్మ పడే ప్రమాదం తప్పింది. 1914 మార్చి నాటికి చేతిలో ఇమిడే ఆ లోహపు పెట్టె తయారైంది.

ఇక ఆయన మెడలో కెమేరా లేకుండా కనిపించడం మానేశారు. వెట్జ్‌లార్ వీధులు, తన పిల్లలు, నడిచిపోయే జనం, ఏది కనబడితే అది. 1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. కంపెనీ సైన్యానికి కావలసిన పరికరాల పనిలో పడింది, కెమేరా వెనకపట్టు పట్టింది. 1920 జనవరిలో లాన్ నది పొంగి వెట్జ్‌లార్ వీధుల్లోకి నీళ్లొచ్చాయి. బార్నాక్ బుల్లి కెమేరాతో వెళ్లి వరస బొమ్మలు తీశారు. వరదలొస్తే ఈనాడు పత్రికల్లో పడే ఫొటోలన్నిటికీ అవి అన్నగార్లు అనవచ్చు. స్టాండు పాతడానికి గట్టి నేలే లేని చోట పెద్ద కెమేరా ఏం చేస్తుంది?

1923లో పరీక్ష కోసం పాతిక దాకా కెమేరాలు చేసి నలుగురి చేతుల్లో పెట్టారు. అభిప్రాయాలు కలవలేదు. బొమ్మలాటకు పనికొస్తుందిగాని పనిముట్టు కాదన్నది ఎక్కువమంది ధోరణి. అటు చూస్తే జర్మనీలో అప్పుడు డబ్బుకి విలువ లేదు, రొట్టెకి బస్తాడు నోట్లు. కంపెనీకి కెమేరాల వ్యాపారం తెలియదు. పోతే పెట్టుబడీ పోతుంది, కార్మికుల కూడూ పోతుంది. 1924 వేసవిలో గంటల తరబడి చర్చ జరిగింది. చివరికి యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ తెగించి ఒప్పుకున్నారు. కొత్త పనిస్తే జనానికి ఉపాధి దొరుకుతుందన్నది ఆయన లెక్క. 1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో కెమేరా బజారుకెక్కింది. లైట్జ్ పేరులోంచి, కెమేరా మాటలోంచి తలో ముక్కా తీసి లైకా అని పేరు పెట్టారు. దానికి 50 మిల్లీమీటర్ల కటకం సిద్ధం చేసినవారు మాక్స్ బెరెక్ అనే శాస్త్రజ్ఞుడు. చిన్న నెగెటివ్ పెద్ద బొమ్మకు తట్టుకుని నిలిచిందంటే సగం గొప్ప బెరెక్‌దే. ఈ మాట చాలామంది మరిచిపోతారు.

మొదట్లో ఆ కటకం ఊడివచ్చేది కాదు. 1930లో మర తిప్పి తీసి, వేరొకటి బిగించే ఏర్పాటు వచ్చింది. తొలుత ఒక చిక్కు ఉండేది. కటకం నుంచి ఫిల్ముకి ఉండే దూరం ఒక్కో కెమేరాలో వెంట్రుకవాసి తేడా కావడంతో, ఏ కెమేరాకి ఆ కెమేరాకే కటకాలు సరిచూసి ఇవ్వాల్సి వచ్చేది. మరుసటి ఏడు ఆ దూరాన్ని 28.8 మిల్లీమీటర్లకు స్థిరపరిచారు. అప్పటినుంచి ఎవరి కటకమైనా ఎవరి కెమేరాకైనా సరిపోయింది. 39 మిల్లీమీటర్ల ఆ మరను తరవాత రష్యావారు, జపానువారు కూడా తమ కెమేరాలకు పెట్టుకున్నారు. 1932లో దూరం కొలిచే అద్దం కెమేరాలోనే అమర్చారు. రెండుగా కనబడే బొమ్మ ఒకటిగా కలిసిందంటే గురి కుదిరినట్టే.

దీనితో మనిషి ముఖం తీసే తీరే మారిపోయింది. వీధిలో గుంపుని తీయాలంటే 35 మిల్లీమీటర్ల కటకం. మామూలుగా 50. ముఖం కావాలంటే 90. దగ్గరికెళ్లి తీస్తే ముక్కు లావుగా, చెవులు చిన్నవిగా వస్తాయి. 90 కటకంతో నాలుగడుగులు వెనక్కి నిలబడి తీస్తే ముఖం ఉన్నదున్నట్టు వస్తుంది, పైగా తీయించుకునేవాడికి బెదురూ ఉండదు. ఇవన్నీ కోటు జేబుల్లో పట్టేవి.

ఈ మార్పులు చూస్తుండగానే బార్నాక్ ఆరోగ్యం క్షీణించింది. 1936 జనవరి 16న, 56 ఏళ్ల వయసులో మరణించారు. అప్పటికి రెండేళ్ల ముందే, 1934లో, కోడాక్ వారు డబ్బాలో చుట్టిన 35 మిల్లీమీటర్ల రీలు అమ్మడం మొదలుపెట్టారు. అంతకు ముందు చీకటి గదిలో ఎవరి ఫిల్మ్ వాళ్లే చుట్టుకోవలసి వచ్చేది.

ఆయన కెమేరా మన దేశానికీ వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ కార్టియే బ్రెసాన్ దాన్ని పట్టుకునే 1948 జనవరి 30న గాంధీజీని కలిశారు. బాపూ నేలకొరిగింది ఆ సాయంత్రమే. ఆ తరవాత ఢిల్లీ వీధుల్లో కన్నీళ్లు పెట్టుకున్న జనం ముఖాలు ప్రపంచం చూసింది ఆ చిన్న నెగెటివ్‌ల మీదే. 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి నిర్యాణం నాటికీ ఆయన అక్కడే ఉన్నారు.

1923 నాటి పాతికలో 105వ నంబరు కెమేరాను బార్నాక్ స్వయంగా వాడుకున్నారు. దాని మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఇంటి మనుషుల్ని, ఊరిని దానితో తీశారు. 2022లో వెట్జ్‌లార్‌లోనే జరిగిన వేలంలో అది 1 కోటి 44 లక్షల యూరోలకు పోయింది.